గ్రామసభ పెద్దమనిషి

2019 సెప్టెంబరు 6న తెలంగాణలో 30 రోజుల కార్యాచరణ ప్రణాళికగా మొదలై, తరువాత పల్లెప్రగతి అన్న పేరుతో స్థిరపడిన కార్యక్రమం పంచాయతీలకు ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామమని గౌరవంగా పిలిచే శ్మశానవాటిక, ప్రకృతివనమనే చిన్న తోట సమకూర్చిందని నివేదికలు చెబుతాయి. ఆ నివేదికల్లో ఏ గడిలోనూ చేరకపోయినా, వీటితో పాటే ఊళ్లకు బలపడిన మరొక వసతి గ్రామసభ పెద్దమనిషి.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ, అంటే ఊరి ఓటర్లందరూ కూర్చొని పంచాయతీని లెక్క అడగగల సమావేశం, రెండు నెలలకొకసారి జరగాలి. ఈ హక్కును తక్కినవారు పెద్దగా వాడుకోనందువల్ల వారందరి వాటా కూడా ఈయనకే సంక్రమించింది. జనగామ జిల్లా కొడకండ్ల వంటి మగ్గాలెరిగిన మండలకేంద్రంలో, నేతలో తెగిన పోగును పట్టే చూపుతోనే ఈయన సిమెంటు రోడ్డు మీద పగులును పడతాడు. చంకలో పాలిథిన్ కవరు, అందులో ముద్ర పడిన అర్జీల నకళ్లు ఉంటాయి. అర్జీకి జవాబు రాకపోయినా సహిస్తాడు గానీ రసీదు ఇవ్వకపోతే సహించడు. ఎన్నికల్లో ఎన్నడూ నిలబడలేదు. కారణమడిగితే, "నేనే కుర్సీల కూసుంటే నన్ను అడిగేటోడెవడున్నడు?" అంటాడు.

పంచాయతీ బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత సర్పంచి, కార్యదర్శులదని ఆ చట్టం చెబుతుంది కాబట్టి, పెద్దమనిషి ఉదయపు నడకలో మొక్కలను లెక్కిస్తాడు, అయితే ఎండినవాటినే. బతికినవి తమ పని తాము చేసుకుంటున్నాయి గనుక వాటి లెక్క ఆయనకు అనవసరం. తన గుమ్మం ముందరి వేపమొక్కను తన మేకే మేసినా, ఆ పద్దు పంచాయతీ ఖాతాలోనే పడుతుంది.

అయినప్పటికీ ఆ కవరును అడుగు నుంచి పైకి చదివితే ఊరి సౌకర్యాల చరిత్ర ఏ గెజిట్‌లోనూ లేనంత నమ్మకంగా దొరుకుతుంది. అన్నిటికంటె కిందిది చెడిపోయిన బోరింగు గురించి, అంటే చేతిపంపు గురించి; దాని మీదిది నల్లా ఇంటిదాకా రాలేదని; పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన శుద్ధినీరు ఇవ్వాలన్న మిషన్ భగీరథ వచ్చాక రాసినది నీళ్లు పొద్దున్నే వదులుతున్నారని; కొత్తది ఆ నీళ్లకు బావినీళ్ల రుచి లేదని. అర్జీ విషయం సన్నగిల్లుతున్నకొద్దీ కాగితం పొడవు పెరగడం గమనార్హం. "బాపూ, పోయిన సభల గూడ ఇదే రాసినం గదా" అని యువ కార్యదర్శి విన్నవిస్తే, "రాసుడు వేరు, చదువుడు వేరు బిడ్డా" అని సవరిస్తాడు. సుమారు 5,000 ఎకరాల సాగుభూమికి ఒకటి చొప్పున రైతుల సమావేశాలకు కట్టిన భవనాలను రైతువేదికలంటారు. కొడకండ్లలోని దానిని 2020 అక్టోబరు 31న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రారంభించారు. దాని మీద పెద్దమనిషి తీర్పు క్లుప్తం: "మంచిగనే కట్టిండ్రు, ఫ్యాను గాలే నా దిక్కు రాదు."

ఆయనకు నిజంగా గడ్డుకాలం 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి, అనగా వేరే శాఖల్లో కొలువుచేస్తూ అదనంగా ఈ బాధ్యత మోసే ఉద్యోగుల చేతికి, వెళ్లినప్పుడు వచ్చింది. అధికారి మర్యాదస్తుడే కావచ్చు, కానీ సాయంత్రానికి జీపెక్కి వెళ్లిపోయే మనిషిని చాయ్ హోటల్ దగ్గర నిలబెట్టి నిలదీయడం సాధ్యం కాదు. తిట్టడానికి ఊరి మనిషి లేని పాలనను స్వపరిపాలన అనడం ఎట్లాగన్న ఆయన సందేహం రాజనీతి శాస్త్రజ్ఞులు కూడా ఆలోచించదగినది. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ప్రచారం ఇంకా ముగియకముందే ఆయన అర్జీ సిద్ధం చేసుకొని, సర్పంచి పేరు రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉంచుకున్నాడు.