పట్టా పుచ్చుకొన్న పిదప ఏమైరి?

మహారాజరాజశ్రీ తెలంగాణ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారి దివ్యసముఖమునకు,

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల సరిమేర యందు కాపురముండు ఒక సామాన్య పౌరుడు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము.

తమరు ఎన్నడైనను హైదరాబాదు నుండి చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా సూర్యాపేట దిక్కునకు గాని, జడ్చర్ల మీదుగా కర్నూలు దిక్కునకు గాని ప్రయాణము చేసియున్నయెడల, దారి పొడవున చెట్లు తగ్గి బోర్డులు పెరిగిన వైనము తమ దృష్టికి వచ్చియే యుండును. ఒక్కొక్క బోర్డు మీద పాస్‌పోర్టు సైజు ముఖములు వరుసలు దీరి నిలువగా, ప్రతి ముఖము క్రింద ఒక కంపెనీ పేరును, ఆ పేరు క్రింద ఇన్ని లక్షల ప్యాకేజీ యను అంకెయును వెలుగుచుండగా, అన్నిటికిని పైన ‘నూటికి నూరు శాతము ప్లేస్‌మెంట్లు’ అను మకుటము విరాజిల్లుచుండును. ఈ బోర్డును చూచి తన బిడ్డ ముఖమును అందు ఊహించుకొనని తండ్రి మా జిల్లాలలో లేడు. అయితే బోర్డు మీది ముఖములు పండ్రెండో పదునారో కాగా, ఆ యేడు ఆ కళాశాలలో పట్టా పుచ్చుకొన్నవారు వందల సంఖ్యలో నుందురు గనుక, తక్కిన ముఖములు ఎచ్చటికి పోయినవని అడుగవలెనను దుర్బుద్ధి నాకు పుట్టినది. ఆ దుర్బుద్ధియే ఈ లేఖకు కారణము.

తమ పరిపాలనయందు లెక్క తప్పునది ఏదియు లేదని ముందుగనే ఒప్పుకొనుచున్నాను. ఏ కళాశాలకు ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లో, అందు కన్వీనరు కోటా క్రింద 70 శాతము ఎన్నో, మేనేజిమెంటు కోటా క్రింద 30 శాతము ఎన్నో, చిటికెలో చెప్పగల దస్త్రములు కలవు. ప్రవేశపరీక్షలో ర్యాంకు 10,000 దాటిన వెనుకబడిన తరగతుల విద్యార్థికి సర్కారు చెల్లించు ఫీజునకు 35,000 రూపాయలను హద్దును ఏర్పరచినారు. చెల్లించు గడువునకు మాత్రము హద్దు లేదు, అందుచేత బకాయి రాలేదని సర్టిఫికెట్లను బీరువాలో అట్టిపెట్టుకొను కళాశాలలకును కొదువ లేదు. విద్యార్థి తరగతికి వచ్చినాడో లేదో తెలియుటకు బొటనవ్రేలి ముద్ర తీసికొను యంత్రము కలదు. నాలుగేండ్లు ఇంత శ్రద్ధతో కాచుకొన్న ఆ బొటనవ్రేలితో, పట్టా చేతికి వచ్చిన మరునాటినుండి ఎవరికిని పని లేదు. చల్లిన విత్తుల లెక్క గింజ పొల్లుపోకుండ వ్రాసి, కోత లెక్క వ్రాయ మరచిన కాపును మా ఊళ్ళలో ఎవరును మంచి సేద్యగాడనరు.

ఈ విద్య మా వాకిటికి వచ్చిన చరిత్ర చిన్నది కాదు. ఉస్మానియాలో ఇంజనీరింగు కళాశాల 1929లో వెలసినను, వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959లో పునాదిరాయి పడినను, వనపర్తి సంస్థానాధీశుల రాజభవనమే పాలిటెక్నిక్కుగా మారినను, ఆ గడపలు తొక్కినవారు మా పల్లెలలో వ్రేళ్ళ మీద లెక్కింపదగినవారే. 2008 నాటికి ఫీజు రీయింబర్సుమెంటు విస్తరించుటయు, ఆ వెనువెంటనే ఉమ్మడి రాష్ట్రమందు ఇంజనీరింగు కళాశాలలు 700 దాటుటయు, నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, పాలమూరులో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయము నెలకొనుటయు ఇంచుమించు ఒక్క కాలమున జరిగినవి. గుంపు మేస్త్రీ చేతి అడ్వాన్సు పుచ్చుకొని, పసిబిడ్డలను ముసలివారికి అప్పగించి, దూరదేశపు ఆనకట్టల మీద రాళ్ళు మోసిన పాలమూరు దంపతుల మనుమలు, మనుమరాండ్రు కాలేజీ బస్సు ఎక్కినారు. వారిలో కొందరు హైదరాబాదు చేరి, అమీర్‌పేట ఇరుకు గదులలో జావాయో, టెస్టింగో నేర్చి, ఉద్యోగము సంపాదించి, తండ్రి అప్పు తీర్చి, పెంకుటింటి స్థానమున స్లాబు వేయించినారు. ఇది విజయము కాదనువాడు కృతఘ్నుడు. తమ విధానములకు గల గొప్ప సాక్ష్యము ఆ స్లాబుల ఇండ్లే.

కాని సాక్ష్యము ఒక ప్రక్కనే వినుట న్యాయమా? ఆఫర్ లెటరు వచ్చి, చేరు తేదీ రాక, ఏడాది పొడవున ఈమెయిలు చూచుకొను కుర్రవాడు ప్లేస్‌మెంటు లెక్కలో ఉన్నాడు. చేరిన ఆరు నెలలకే పంపివేయబడినవాడును అదే లెక్కలో ఉన్నాడు. పోలేపల్లి మందుల కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేయు కెమిస్టు, ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పు బి.టెక్. పంతులమ్మ, ఇంటి కాగితము బ్యాంకులో పెట్టి అమెరికాలో ఎం.ఎస్. చదువబోయి వీసా లాటరీకై ఎదురుచూచువాడు, నగరమున బైకు మీద ఇంటింటికి భోజనము చేరవేయు మెకానికలు పట్టభద్రుడు, వీరు ఏ బోర్డు మీదను లేరు. అసిస్టెంటు ఇంజనీరు మొదలగు 833 ఉద్యోగములకై 2023 మార్చి 5న జరిగిన పరీక్షకు ఏండ్ల తరబడి చదివి కూర్చున్నవారి సంగతి తమకు తెలియనిది కాదు; ప్రశ్నపత్రము బయటపడినదని పది దినములకే ఆ పరీక్ష రద్దైనది. ఆ చదివిన ఏండ్లను ఏ గడిలో వ్రాయవలెనో తమ దస్త్రములలో చూపువారు లేరు.

లెక్క లేనిచోట పుకారు రాజ్యమేలును. నూటికి 80 మందికి పైగా ఇంజనీరు పట్టభద్రులు ఉద్యోగమునకు పనికిరారని ఆస్పైరింగ్ మైండ్స్ అను సంస్థ 2016లో చాటినది. ఆ సంస్థ వ్యాపారము ఉద్యోగార్హత పరీక్షలు జరుపుటయే యైనను, ఆ వాక్యము నాటినుండి ప్రతి సభలోను వేదవాక్యమై మ్రోగుచున్నది. ఇట్లే ఒకప్పుడు తెలంగాణమున కవులు పూజ్యమని ఒక పెద్దమనిషి వ్రాయగా, మా పాలమూరు బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు కోపించి కూర్చుండక, 354 మంది కవులను వెదకి, 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చొత్తించి సమాధానము చెప్పినారు. ఒక పత్రికా సంపాదకుడు, టెలిఫోను సైతము అరుదైన కాలమున, మారుమూల పల్లెల కవుల జాడ తీయగలిగినప్పుడు, ప్రతి విద్యార్థి సెల్‌ఫోను నంబరును దస్త్రమున భద్రపరచుకొన్న తమ కార్యాలయము పట్టభద్రుల జాడ తీయజాలదనుట తమ ప్రతిభకే అవమానము.

ఇంకొక సందేహము. విజయమనగా జిల్లా విడిచి పోవుటయేనా? లోకము నల్లగొండ పేరు నేర్చుకొన్నది ఏ సాఫ్ట్‌వేరు వలనను గాదు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, కలియద్రిప్పి, తేర్చి, వడగట్టి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని 1970లలో నాగపురమందలి నీరీ యను పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించి, దానికి నల్లగొండ టెక్నిక్కని పేరు పెట్టిరి. ఆ పద్ధతి తూర్పు ఆఫ్రికా పల్లెల బకెట్లదాక ప్రయాణించినది. మా మర్రిగూడ, మునుగోడు ప్రాంతమున ఆ ఫ్లోరైడు వలన వంకరపోయిన ఎముకలు ఒక శాస్త్రమునకు పేరైనవి గాని, ఆ శాస్త్రము చదువుటకు మా కళాశాలలలో సీట్లు ఎన్ని? సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు బ్రాంచిలు ఏటేట కుదించుకొనిపోవుచుండగా, సీట్లలో సగమునకు మించి కంప్యూటరు బ్రాంచిల వశమైనవి.

అవసరమునకును చదువునకును నడుమ నున్న ఈ ఎడము 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద కంటికి కట్టినది. నల్లగొండ ఫ్లోరైడు పల్లెలకు కృష్ణ నీరు తెచ్చుటకై దాదాపు 44 కిలోమీటర్ల పొడవున త్రవ్వుచున్న శ్రీశైలము ఎడమగట్టు సొరంగమున పైకప్పు కూలి ఎనమండుగురు చిక్కుకొనిరి. ఇంజనీర్లు, ఆపరేటర్లు, కూలీలు, అందరును ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్ము కశ్మీరములనుండి వచ్చినవారే. ఒకనాడు మా వారు పరుల నీటికై రాళ్ళు మోసిరి; నేడు మా నీటికై పరుల బిడ్డలు భూగర్భమున ప్రాణము లొడ్డిరి. మా ఇంజనీర్లు ఆ సమయమున ఎక్కడ, ఏ పనిలో ఉండిరో చెప్పు కాగితము తమ దగ్గర లేదు. ఎవరినో నిందించుటకు ఈ మాట వ్రాయలేదు. ఒక ప్రాంతపు అవసరమును, ఆ ప్రాంతపు చదువును ఒక్క బల్ల మీద పెట్టి చూచిన అధికారి ఎవరును లేరని మాత్రమే నా మనవి.

కావున మూడు ప్రార్థనలు. మొదటిది: ప్రతి కళాశాలయు, పట్టా ఇచ్చిన అయిదేండ్లకు, పదియేండ్లకు తన విద్యార్థులు ఏమి చేయుచున్నారో, పేర్లు దాచి వివరములు దాచక, ప్రకటింపవలెను, అధిక ప్యాకేజీ ఒక్కటే చెప్పుట కాక, జీతములన్నియు వరుసగా పేర్చి నడుమ నిలిచిన జీతమును చెప్పవలెను. 2016 నుండి వెలువడుచున్న విద్యాసంస్థల జాతీయ ర్యాంకులలో ఈ మధ్యమ వేతనమును అడుగుచునే యున్నారు గాని, అది ఉద్యోగము దొరికినవారి వరుస. దొరకనివారిని సున్నతోనైనను ఆ వరుసలో నిలుపవలెను. రెండవది: 1961 నాటి అప్రెంటిసుల చట్టమును 1973లో ఇంజనీరు పట్టభద్రులకును విస్తరింపజేసినారు; 30 మంది గాని అంతకు మించి గాని పనివారున్న సంస్థ 2.5 శాతమునకు తక్కువ గాకుండ అప్రెంటిసులను తీసికొనవలెనని నియమము కలదు. దామరచర్లలో 4,000 మెగావాట్ల విద్యుత్కేంద్రము, పోలేపల్లిలో మందులు, హుజూర్‌నగరు వైపు సిమెంటు, దివిటిపల్లిలో బ్యాటరీల కర్మాగారము, ఇన్ని ఉండగా మా విద్యార్థి కర్మాగారమును వీడియోలో చూచి పరీక్ష వ్రాయుట ఎంతకాలము? ఆ నియమము అమలగునట్లు చూడవలెను. మూడవది: సివిలు, మెకానికలు సీట్లను తగ్గించుమని కళాశాల దరఖాస్తు పెట్టుకొన్న ప్రతిసారి, ఆ జిల్లాలో నడుచుచున్న కాలువల, పంపుహౌసుల, నీటి పథకముల పట్టికను ఆ దరఖాస్తుతో జతపరచి చదువవలెను.

ఇందులో కొత్త భవనము కోరలేదు, శిలాఫలకము కోరలేదు, కావున రిబ్బను కత్తిరించు అవకాశము లేదని తమకు కొంత చిన్నతనము తోచవచ్చును, క్షమింపుడు. ఈ లేఖ చదువు తల్లిదండ్రులకు ఒక్క మాట: సీటు తీసికొనుటకు ముందు ఆ కళాశాలలో అయిదేండ్ల క్రిందట చదివినవారి జాబితా అడుగుడు, చూపనిచోట, బోర్డు మీద ఎంత పెద్ద అంకె యున్నను, నమ్మకుడు.

ఇట్లు విధేయుడు,
కోత లెక్క కోరు ఒక పౌరుడు