సలహా ఉచితం, రిఫరల్ తర్వాత చూద్దాం

అమెరికాలో ఎంఎస్ ముగించి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడే పనిచేసుకునే అనుమతి) మీదకు వచ్చిన మన పిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే గడువు 90 రోజులు. మొత్తం మీద అంతకు మించి ఖాళీగా ఉంటే స్టేటస్‌కే ఎసరు. శని, ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. సంక్రాంతికీ ఉగాదికీ మినహాయింపు లేదు. ఆ రోజుల్లో అప్లికేషన్లకు పోయినవి పోగా, మిగతావి ‘నెట్‌వర్కింగ్’ అనే నోముకు పోతాయి.

ఈ నోముకు శాస్త్రప్రమాణం కూడా ఉందండోయ్! ఉద్యోగం కబురు ప్రాణస్నేహితుల కన్నా ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజికవేత్త 1973లోనే రాశాడు. పాపం, ఆయన బోస్టన్ శివార్లలో వాకబు చేసి ఆ మాట తేల్చాడు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మన సీనియర్ అన్నతో ఒక్కసారి కాఫీ తాగి ఉంటే సిద్ధాంతం మరోలా ఉండేది.

“ఉద్యోగం అడగొద్దు, సలహా అడగండి. ఉద్యోగం దానంతటదే వస్తుంది” అని యూనివర్సిటీల కెరీర్ సెంటర్లు నూరిపోస్తాయి. మనవాడు బుద్ధిగా సలహానే అడుగుతాడు. అన్న అంతకన్నా బుద్ధిగా సలహానే ఇస్తాడు.

కుర్రాడు కాఫీ షాపుకు పావుగంట ముందే వచ్చి కూర్చుంటాడు. రెజ్యూమే ఫోన్లో ఉన్నా, గౌరవంగా ఉంటుందని ప్రింట్ కూడా తెస్తాడు. అన్న అరగంట ఆలస్యం. “సారీ తమ్ముడూ, కాల్ లాగింది” అంటూ కూర్చుని, మొదటి ప్రశ్న వేస్తాడు.

“ఏ ఊరు మనది?”

“ఖమ్మం అన్నా.”

“ఖమ్మంలో ఎక్కడ?”

“మధిర దగ్గర.”

“ఓహో... ఇంటిపేరు?”

రెజ్యూమేలో పైథాన్ ఉంది, జావా ఉంది, జీపీఏ ఉంది. అన్న వెతికేది మాత్రం అందులో ఏ మూలా లేదు.

ఆపైన అన్న ఆత్మకథ మొదలు. వైటూకే రోజుల్లో రెండు సూట్‌కేసులతో దిగాడట. ఇప్పుడు ఫ్రిస్కోలో ఐదు బెడ్‌రూముల ఇల్లట. “మా టైంలో ఈ రిఫరల్సూ గిఫరల్సూ ఎక్కడివి? అంతా సొంత కష్టం!” ఆయన్ని అప్పట్లో రప్పించిన కన్సల్టెన్సీ సొంత బావగారిదన్న సంగతి ఆత్మకథలో ఉండదు.

ఆత్మకథ అయ్యాక జాతకం. “జావా పనైపోయింది తమ్ముడూ, క్లౌడ్ నేర్చుకో.” క్లౌడ్ వచ్చన్నా అంటే, “ఇప్పుడంతా ఏఐ.” ఏఐ ప్రాజెక్టు చేశానన్నా అంటే, “ఎక్స్‌పీరియన్స్ లేకుండా ఎవడు తీసుకుంటాడు?” మాటల్లో మాటగా ఆయన కాఫీ కప్పు రెజ్యూమే మీదకు చేరుతుంది. ఆ సాయంత్రమంతా ఆ కాగితం చేసిన ఉద్యోగం అదొక్కటే.

చివరికి కుర్రాడు గొంతు పెగుల్చుకుంటాడు. “అన్నా, మీ కంపెనీలో...”

“మెయిల్ చెయ్, చూద్దాం. ఇంతకీ నాన్నగారు హైదరాబాద్‌లో ఏమైనా కొన్నారా? షాద్‌నగర్ సైడ్ మా ఫ్రెండ్ వెంచర్ ఉంది. రెండొందల గజాలు, క్లియర్ టైటిల్. నంబరివ్వు, నేనే మాట్లాడతా.”

నెట్‌వర్కింగ్ జరగలేదని ఎలా అంటాం? దివ్యంగా జరిగింది. కాకపోతే పెరిగింది అన్నగారి నెట్‌వర్క్. కాఫీ బిల్లు కట్టింది తమ్ముడు.

ఇంతా చేసి రిఫరల్ అంటే ఏమిటి? కంపెనీ పోర్టల్లో పేరు, మెయిల్ కొట్టి, రెజ్యూమే ఎక్కించడం. ఉద్యోగం ఇచ్చేదీ మానేదీ హెచ్‌ఆర్ వాళ్లు. వస్తే చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాడికి బోనస్ కూడా ఇస్తారు. తెలియని మనిషికి పూచీ పడటానికి అన్నకు జంకు ఉండొచ్చు, అది తప్పూ కాదు. ఆ మాట పైకి చెప్పకపోవడమే తప్పు.

కాబట్టి డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఉన్న అన్నలకు, అంకుల్స్‌కు మనవి. చేయగలిగితే రిఫర్ చేయండి. కుదరకపోతే ఫోన్‌లోనే “నావల్ల కాదమ్మా” అనేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ కుర్రాడికి కాఫీ డబ్బులూ మిగులుతాయి, తొంభైలో ఒక రోజూ మిగులుతుంది.