నవంబర్ 11 పేజీ

మా పెదనాన్నది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే చుట్టుపక్కల వాళ్లు గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరం తర్వాత తరం సైన్యంలోకి వెళ్తున్న ఊరు. పెదనాన్న కూడా వెళ్లారు. అయితే ఆయన తుపాకీ పట్టింది తక్కువ, కలం పట్టింది ఎక్కువ. యూనిట్ ఆఫీసులో క్లర్కు. సుబేదారుగా రిటైరై వచ్చారు.

సైనికుడు చనిపోతే ఆ కాగితం రాసే పని చాలాకాలం ఆయనదే. పేరు, నంబరు, ఊరు, తేదీ, వేళ. "తేదీ ఒక్కటి రాస్తే చాలదురా, వేళ కూడా రాయాలి. ఆ ఇంట్లో వాళ్లు ఎప్పటికైనా అడిగేది అదే. ఎన్నింటికి పోయాడండీ అని," అనేవారు.

రిటైరయ్యాక ఆయన ఒక లావుపాటి లెడ్జరు పుస్తకం పెట్టారు. 366 పేజీలు, తేదీకో పేజీ. పత్రికల్లో 'చరిత్రలో ఈ రోజు' అని చిన్న పెట్టె వస్తుంది కదా, దాన్ని కత్తిరించి అంటించడంతో మొదలైందట. తర్వాత కత్తిరింపులు మానేసి సొంతంగా పుస్తకాలు తెప్పించుకుని చదివి, సరిచూసుకుని రాసేవారు. అన్నీ యుద్ధాల సంగతులే. ఏ శతాబ్దమైనా, ఏ దేశమైనా, తేదీ ఒకటే అయితే ఒకే పేజీలోకి వచ్చేవి.

ఒక కార్తీకమాసంలో నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఆ పుస్తకమే చూసుకుంటున్నారు. ఆ రోజు నవంబర్ 11.

"రా, కూర్చో. ఇవాళ్టి పేజీ పైకి చదువు," అన్నారు.

పేజీ నిండా ఉంది. 1918 పైనే ఉంది గానీ ఆయన వేలితో దాన్ని మూసి, ముందు కింద నుంచి చదవమన్నారు.

1942: అప్పటిదాకా ఫ్రాన్స్‌లో తమ ఆక్రమణలో లేని దక్షిణ భాగంలోకి కూడా జర్మన్ సేనలు ప్రవేశించాయి. 1940: ఆ రాత్రి ఇటలీలోని టరాంటో రేవు మీద బ్రిటిష్ వాళ్ల స్వోర్డ్‌ఫిష్ విమానాలు 21 దాడి చేశాయి. రెక్కలకు గుడ్డ చుట్టిన పాతకాలపు విమానాలు. మూడు యుద్ధనౌకలను దెబ్బకొట్టి, రెండు విమానాలు మాత్రమే పోగొట్టుకుని తిరిగొచ్చాయి. ఆ దాడిని జపాన్ వాళ్లు శ్రద్ధగా పరిశీలించారు. మరుసటి ఏడాది డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద పడ్డారు.

"ఇంకొకటి ఉంది, అదీ అదే రోజు," అన్నారు పెదనాన్న. 1940లోనే, అదే నవంబర్ 11న, మన హిందూ మహాసముద్రంలో ఆటోమెడాన్ అనే బ్రిటిష్ ఓడను జర్మన్ ఓడ అట్లాంటిస్ పట్టుకుంది. అందులో తూర్పు దేశాల్లో బ్రిటన్ రక్షణ ఎంత బలహీనంగా ఉందో చెప్పే రహస్య కాగితాలు దొరికాయి. జర్మన్లు వాటిని జపాన్‌కు చేరవేశారు. ఒకే రోజున పగలు ఆ కాగితాలు పోయాయి, రాత్రి టరాంటోలో గెలుపు దక్కింది. రెంటి నుంచీ నేర్చుకున్నది జపానే.

1920: పేరు తెలియని సైనికుడికి ఒకే రోజున లండన్‌లోనూ పారిస్‌లోనూ అంతిమ గౌరవాలు.

అప్పుడు వేలు తీశారు.

1918. ఫ్రాన్స్‌లో కొంపియేన్ అడవి. మిత్రపక్షాల సేనాధిపతి మార్షల్ ఫోష్ రైలుపెట్టె. తెల్లవారుజామున 5 గంటలు దాటాక జర్మన్లు యుద్ధ విరమణ పత్రం మీద సంతకాలు పెట్టారు. కాల్పులు ఆగాల్సింది మాత్రం పగలు 11 గంటలకు.

"మధ్యలో దాదాపు ఆరు గంటలు," అన్నారు పెదనాన్న. "యుద్ధం అయిపోయిందని పెద్దలందరికీ తెలుసు. అయినా ఆపలేదు. ఆ ఒక్క రోజులో రెండు వైపులా కలిపి 2,700 మందికి పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. స్టెనే అనే ఊరిని ఆ పొద్దున అమెరికన్లు దాడి చేసి మరీ పట్టుకున్నారు. ఎందుకో తెలుసా? అక్కడ స్నానాల గదులున్నాయని, అలిసిన కుర్రాళ్లు ఒళ్లు కడుక్కుంటారని జనరల్ గారి ఆలోచన. 11 తర్వాత నడిచి వెళ్లినా ఆ నీళ్లు అక్కడే ఉండేవి."

ఆయన గొంతు కొంచెం మారింది. ఆ వయసులో కూడా ఈ మాట చెప్పేటప్పుడు ఆయనకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది.

1918 కింద మూడు పేర్లున్నాయి. జార్జ్ ఎలిసన్, ఇంగ్లండు. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో. జార్జ్ ప్రైస్, కెనడా. 10.58. హెన్రీ గుంథర్, అమెరికా. 10.59. గుంథర్ పరుగెత్తుకొస్తుంటే ఎదుటి జర్మన్లే చేతులు ఊపి, వెనక్కి పొమ్మని కేకలు వేశారట. ఆగకపోతే కాల్చారు. ముగ్గురి పేర్ల పక్కనా తేదీ, వేళ, చనిపోయిన చోటు. పెదనాన్న చేతిరాత గుండ్రంగా, ఆఫీసు రాతలా ఉంది.

"ఇప్పుడు నాలుగో వాడి సంగతి చెబుతా విను," అన్నారు.

ఒగుస్తాన్ ట్రెబ్యుషోన్. ఫ్రాన్స్‌లో లోజేర్ కొండల్లో గొర్రెలు కాసుకునేవాడు. ఊళ్లో పెళ్లిళ్లకు అకార్డియన్ వాయించేవాడు. యుద్ధం మొదలైన 1914 ఆగస్టులోనే సైన్యంలో చేరాడు. 415వ పదాతి దళం. వెర్డన్ యుద్ధం చూశాడు, సోమ్ యుద్ధం చూశాడు. గాయపడ్డాడు, మళ్లీ వచ్చాడు. నాలుగేళ్లూ బతికాడు. 40 ఏళ్లు వచ్చాయి. పని, వార్తలు మోయడం. ఫోన్ తీగలు తెగిపోయిన చోట ఒక అధికారి రాసిన చీటీని ఇంకో అధికారికి పరుగున తీసుకెళ్లి ఇవ్వాలి. ఆ పనిలో ఉన్నవాళ్లు నాలుగేళ్లు బతకడం చిన్న సంగతి కాదు.

చివరి దినాల్లో వాళ్ల దళానికి మ్యూజ్ నది దాటమని ఆజ్ఞ వచ్చింది. సంధి మాటలు నడుస్తున్నాయని తెలిసీ ఇచ్చిన ఆజ్ఞ. చీకట్లో, పొగమంచులో, లాకు దగ్గర చెక్కపలకల మీదుగా ఒక్కొక్కరే దాటారు. నవంబరు చలికి నీళ్లు కొరికేస్తున్నాయి. అవతల ఒడ్డున వ్రీన్-మ్యూజ్ అనే చిన్న ఊరు, దాని వెనక మెరక మీద జర్మన్ల మరతుపాకులు. ఆ ఒడ్డునే నేలకు కరుచుకుని పడుకున్నారు. తిండి లేదు.

11వ తేదీ పొద్దున కబురు వచ్చింది, పదకొండింటికి కాల్పులు ఆగుతాయని. అయినా తుపాకులు మోగుతూనే ఉన్నాయి. పదిన్నర దాటాక ట్రెబ్యుషోన్ చేతికి ఒక చీటీ ఇచ్చారు. లేచి బయల్దేరాడు. తలలో తూటా దిగింది. పడిపోయిన మనిషి దగ్గర ఆ చీటీ ఉంది. పదకొండున్నరకు అందరూ భోజనానికి చేరాలని అందులో ఉన్న కబురు.

ఇంకాసేపటికి ఆ దళంలో బూర ఊదేవాణ్ని లేపి, కాల్పుల విరమణ ఊదమన్నారు. అది ఊది ఏళ్లయింది, ఆ స్వరం వాడికి వెంటనే గుర్తుకు రాలేదట.

పెదనాన్న ఆగారు. పెద్దమ్మ తెచ్చి పెట్టిన కాఫీ చల్లారిపోయింది. నేను మళ్లీ పేజీలోకి చూశాను. ఇంగ్లండు వాడి పేరుంది, కెనడా వాడి పేరుంది, అమెరికా వాడి పేరుంది. ఫ్రాన్స్ వాడిది లేదు.

"ఆయన పేరు రాయలేదేం పెదనాన్నా?"

"రాశాను."

"ఈ పేజీలో లేదండీ."

ఆయన మాట్లాడకుండా ఒక కాగితం వెనక్కి తిప్పారు. నవంబర్ 10. అక్కడ ఉంది. 1918, ఒగుస్తాన్ ట్రెబ్యుషోన్, వ్రీన్-మ్యూజ్.

"తేదీ తప్పు పడిందండీ."

"తప్పు కాదు. సైన్యం కాగితంలోనే కాదు, ఆయన సమాధి మీద శిలువ చూడు, అక్కడా అదే తేదీ ఉంటుంది. ఆయనకొక్కడికే కాదు, 11న ఆ ఒడ్డున పోయిన ఫ్రాన్స్ వాళ్లందరికీ అంతే. సంతకాలయ్యాక కూడా మనుషుల్ని చంపుకున్నామని చెప్పుకోలేక సైన్యం తేదీని ఒకరోజు వెనక్కి జరిపింది. పెన్షన్లకు పేచీ రాకూడదని చేశారని కూడా అంటారు. ఏదైనా గానీ, ఆ అంకె వేసిన చెయ్యి ఎవడో క్లర్కుది. నాలాంటివాడిది."

పుస్తకం నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ఆ పేరు పక్కన, మిగతా అందరికీ రాసినట్టే, రెండు గళ్లు ఉన్నాయి. మొదటి దాంట్లో సైన్యం కాగితంలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించారు. తేదీ: నవంబర్ 10. రెండో గడిలో మాత్రం ఎర్ర సిరాతో, అదే గుండ్రని చేతిరాతతో ఆయన రాసింది ఇది.

వేళ: మర్నాడు ఉదయం, పదిన్నర దాటాక.