ఎలాగూ కారిపోయేదేగా!

చైన్‌సా కొనే రోజున మనవాడి చెయ్యి చాలా ధారాళం. బార్ పద్దెనిమిది అంగుళాలంటే ఇరవై రెండు లేదా అంటాడు. పెరట్లో ఉన్నవి రెండు మునగచెట్లూ ఒక జామచెట్టే. అయినా రేపు ఏ తుపానుకో ఊరి రావిచెట్టు రోడ్డుకడ్డం పడితే కలెక్టరు తనకే ఫోన్ చేస్తాడన్నట్టు, ఇంజను ఎన్ని సీసీలని కొట్టువాణ్ణి నిలదీస్తాడు. వేలకు వేలు తడి వేలితో లెక్కపెట్టి ఇస్తాడు. అంతా అయ్యాక కొట్టువాడు మెల్లిగా, "చైన్ ఆయిల్ ఓ లీటరు పెట్టమంటారా అండీ?" అంటాడు. అంతే, చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది.

"ఎందుకండీ దండగ? ఎలాగూ కారిపోయేదేగా!"

ఈ ఒక్క మాట మీద మన ఊళ్లలో ఒక అర్థశాస్త్రమే నడుస్తోంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల జామాయిల్, సుబాబుల్ తోటల దగ్గరికి వెళ్లండి, సరుగుడు కోతల దగ్గరికి వెళ్లండి, ఇదే మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను బోడిగుండు చేశాక, 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడుకోబెట్టాక, చైన్‌సా చప్పుడు ఎరగని ఊరు ఉత్తరాంధ్రలో లేదు. మిషనుతోపాటు ఈ సూత్రమూ ఊరూరికీ చేరింది. చైన్‌కు వేసే ఆయిల్ కారిపోతుంది కాబట్టి డబ్బు పెట్టి కొననక్కర్లేదు. మెకానిక్ షెడ్డులో ట్రాక్టరుకో బైకుకో ఆయిల్ మార్చినప్పుడు దింపిన నల్లటి ద్రవం ఉంది కదా, కాలిన ఆయిల్. అది పోస్తే సరి.

కాలిన ఆయిల్ మీద మనవాళ్లకున్న భక్తి తక్కువేం కాదు. స్లాబు వేసేటప్పుడు సెంట్రింగ్ రేకులకు అదే పూస్తారు. గుమ్మానికి చెద పడితే అదే. వీధికుక్కకు గజ్జి పట్టిందా, గేదె కాలికి పుండు పడిందా, మురుగ్గుంటలో దోమలు లేచాయా, అన్నింటికీ అదే మందు. ఇన్ని రోగాలకు పనికొచ్చేది ఒక ఇనప గొలుసుకు పనికిరాదా అని అడిగితే, నిజమే, ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు.

మనవాడి లాంటి పొదుపు పండితుడి వాదంలో సగం నిజముంది. ఇంజన్లో పోసిన ఆయిల్ తిరిగి తిరిగి వేల కిలోమీటర్లు పనిచేస్తుంది. చైన్‌సాలో అలా కాదు. చిన్న పంపు చైన్ మీదికి కొద్దికొద్దిగా ఆయిల్ తోస్తుంది, ఆ ఆయిల్ ఒక్కసారి పనిచేసి బయటికి పోతుంది. తిరిగి ట్యాంకులోకి రాదు. అంతవరకూ ఒప్పుకున్నాం. కానీ పండితుడు అక్కడే వాక్యం ఆపేస్తాడు. కారిపోయేది ఎక్కడికి పోతుంది అనే చిన్న ప్రశ్న ఆయనకు తట్టదు.

చైన్ పూర్తి వేగంలో సెకనుకు ఇరవై మీటర్ల చుట్టుపక్కల పరిగెడుతుంది. అంటే హైవే మీద ఆర్టీసీ బస్సు వేగం. ఆ వేగంతో బార్ ముక్కు దగ్గర మలుపు తిరిగినప్పుడు పలచటి ఆయిల్ దాన్ని పట్టుకుని ఉండదు, చిమ్ముతుంది. ఆకుల మీదికి, మట్టిలోకి, పక్కన కొమ్మ పట్టుకున్న కుర్రాడి లుంగీ మీదికి. మొద్దు మీదికి వంగి కోస్తున్నవాడి ముంజేతులకు, మెడకు, పెదవులకు. రోజంతా కోసినవాడు సాయంత్రం బనీను విప్పితే మీకు తెలుస్తుంది ఆ పొదుపంతా ఎక్కడికి చేరిందో. ఆ చేత్తోనే బీడీ వెలిగిస్తాడు, ఆ చేత్తోనే క్యారేజీ విప్పుతాడు.

ఇంజన్లో కాలి నల్లబడిన ఆయిల్‌లో ఉండేది ఆయిల్ ఒక్కటే కాదు. లోపల అరిగిన ఇనుము, అల్యూమినియం, రాగి రజను ఉంటుంది. మంటలోంచి వచ్చిన మసి ఉంటుంది. ఆ మసితోపాటు పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే రసాయనాల గుంపు ఉంటుంది. ఈ గుంపు కథ పాతదే. లండన్‌లో పొగగొట్టాలు దులిపే మనుషులకు చర్మ క్యాన్సర్ వస్తున్నదనీ, దానికి కారణం ఒంటికి పట్టిన మసేననీ పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. వృత్తి వల్ల వచ్చే క్యాన్సర్ గురించి వైద్యం మాట్లాడిన మొదటి సందర్భాల్లో అదొకటి. రెండున్నర శతాబ్దాలు గడిచాయి. లండన్ కుర్రాళ్లు పొగగొట్టం ఎక్కితేగానీ ఒంటికి పట్టని మసిని మనవాళ్లు సీసాలో పట్టి, పంపు పెట్టి, బస్సు వేగంతో తమ మీద తామే చల్లుకుంటున్నారు. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

చైన్‌సా కంపెనీల పుస్తకాల్లో "వాడేసిన ఆయిల్ ఎప్పుడూ పోయొద్దు" అని స్పష్టంగా ఉంటుంది. స్టిల్ చెప్పింది, హస్క్‌వర్నా చెప్పింది. పండితుడు ఆ పుస్తకం మీద పాన్ పొట్లం పెట్టుకుని, "వాళ్ల ఆయిల్ అమ్ముకోవడానికి అలాగే రాస్తారండీ" అంటాడు. సరే, కంపెనీవాళ్లకు స్వార్థముంది. మరి 2016 నాటి కేంద్ర నిబంధనలు కూడా వాడేసిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పెట్టాయి. ఢిల్లీలో కూర్చున్న గుమాస్తాలకు ఏ చైన్ ఆయిల్ డీలర్‌షిప్ ఉందో పండితుడే చెప్పాలి.

ఒళ్లు సంగతి వదిలేద్దాం. మనవాడికి ఒంటి మీద ప్రేమ లేకపోవచ్చు, మిషను మీద ఉంది కదా. అక్కడైనా లెక్క కుదిరిందా?

బార్ అంచున సన్నటి గాడి ఉంటుంది. చైన్ అడుగు లింకులు ఆ గాడిలో పరుగెడతాయి. ముక్కు దగ్గర చిన్న పళ్లచక్రం. ఈ పొడుగునా ఇనుము మీద ఇనుము రాసుకోకుండా మధ్యలో ఉండాల్సిన పొర ఆయిల్. అందుకే చైన్ ఆయిల్‌లో జిగురునిచ్చే పాలిమర్ కొంచెం కలుపుతారు. అసలు చైన్ ఆయిల్ ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి మెల్లిగా విడదీయండి, అరిసెల పాకంలా తీగ సాగుతుంది. ఆ తీగే చైన్‌ను పట్టుకుని ముక్కు దాకా వెళ్లేది. కాలిన ఆయిల్‌తో అదే చేసి చూడండి. వేలు నల్లబడుతుంది, తీగ రాదు. అది ఇంజన్లో నలిగి, ఇంధనం కలిసి పలచబడి ఉంటుంది, లేదా మసితో ముద్దకట్టి ఉంటుంది. పలచబడితే ముక్కు చేరకముందే ఎగిరిపోతుంది. ముద్దకడితే బార్ మీద ఆయిల్ రావాల్సిన బియ్యపుగింజంత చిల్లు దగ్గరే కాపురం పెడుతుంది. అందులోని ఇనపరజను పంపు మరను అరగదీస్తుంది. రాపిడిని తగ్గించమని పోసినదానిలో రాపిడి పొడి కలిపి ఇచ్చినట్టు.

అయినా మిషను కోస్తుంది. అదీ దాని మోసం. మొదటి రోజు కోస్తుంది, మొదటి నెలా కోస్తుంది. చూశారా అని పండితుడు మీసం తిప్పుతాడు. తర్వాత చైన్ తరచు సాగుతుంది, బిగించిన గంటకే వదులవుతుంది. బార్ అంచు నీలిరంగుకు తిరుగుతుంది, అంటే ఇనుము కాలింది. గాడి ఒక పక్క అరిగి కోత వంకరపోతుంది. అప్పుడు "ఈ కంపెనీ చైన్లు ఈమధ్య దొంగ సరుకండీ" అనే కొత్త సిద్ధాంతం పుడుతుంది. ఆయిల్ మీద మాత్రం నింద పడదు, అది ఉచితం కదా.

అన్నట్టు, ఈరోజు మనం వాడే చైన్ పళ్ల ఆకారం ఒక పురుగు దగ్గర నేర్చుకున్నది. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే కలపవాడు మోడులో కర్ర తొలుస్తున్న పురుగు దవడలు చూసి, అలా ఎడమకూ కుడికీ కొరికే పళ్లు తయారుచేశాడు. ఆ పురుగుకు ఆయిల్ అక్కర్లేదు. మన పండితుడు చైన్‌ను కూడా ఆ జాతిలోనే జమకట్టినట్టున్నాడు.

ఇప్పుడు డబ్బు లెక్క. మామూలు సైజు మిషన్లలో పెట్రోలు ట్యాంకు అర లీటరుంటే ఆయిల్ ట్యాంకు దాదాపు పావు లీటరుంటుంది. పెట్రోలు అయిపోయేసరికి ఆయిల్ కూడా అడుగంటేట్టు తయారుచేస్తారు, ఆయిల్ లేకుండా చైన్ తిరగకూడదని. చైన్ ఆయిల్ లీటరు మూడొందలనుకోండి. పావు లీటరుకు డెబ్బై అయిదు. ఆ అర లీటరు పెట్రోలుకూ అందులో కలిపే టూటీ ఆయిల్‌కూ దాదాపు అంతే అవుతుంది, దానికి మనవాడు ఏనాడూ ఏడవలేదు. పోనీ పెట్రోలు కూడా కాలిపోయేదేగా, అందులో కిరసనాయిలు పోయొచ్చు కదా అంటే మాత్రం, "ఇంజను పోదూ!" అని కళ్లు పెద్దవి చేస్తాడు. బార్, చైన్ కలిపి మార్చడమంటే రెండు మూడు వేల మాట. అంటే ముప్పై నలభై ట్యాంకుల పొదుపు ఒక్క బిల్లులో హారతి. అందులో మిషను ఆగిన పూట కూలీలకిచ్చిన జీతం కలపలేదు.

ఎదుటి జట్టునూ వదలకూడదు. వీళ్లు కాలిన ఆయిల్ పేరు చెబితే ముక్కు మూసుకుంటారు. మిషను కంపెనీ ముద్ర ఉన్న సీసా తప్ప వేరేది పోస్తే వారంటీతోపాటు వంశప్రతిష్ఠ పోతుందని నమ్ముతారు. సీసా మీద మంచుకొండలూ దేవదారు చెట్లూ ఉంటాయి. ఎంత చలిలోనైనా గడ్డకట్టదని రాసి ఉంటుంది. ఎవరికండీ అది? మే నెలలో రెంటచింతల ఎండలో వేపకొమ్మ కోసేవాడికా? చలిదేశాల్లో చలికాలానికి పలచటి ఆయిల్, వేసవికి చిక్కటిది వాడతారు. మనకు సంవత్సరంలో పది నెలలు వేసవే, మిగతా రెండు నెలలు వేసవికి రిహార్సల్. చిక్కదనమే మనకు ముఖ్యం. కొట్టులో సాదా చైన్ ఆయిల్ ఏ నమ్మకమైన కంపెనీది చౌకగా దొరికితే అది చాలు. అదీ దొరకని ఊళ్లో కొత్త ఎస్ఏఈ 30 లేదా 40 సింగిల్ గ్రేడ్ ఇంజనాయిల్ పోసుకోండి. పాకం తీగ రాదు, కాస్త ఎక్కువ కారుతుంది, కానీ శుభ్రమైన ఆయిల్. దేవదారు చెట్ల బొమ్మకు ఇచ్చే డబ్బుతో ఒక స్పేర్ చైన్ వస్తుంది.

మూడో జట్టు ఈమధ్యే బయల్దేరింది, ప్రకృతి ప్రేమికులు. వంటనూనె పోయమంటారు. ఐడియా చెడ్డదేం కాదు. ఆస్ట్రియా 1992లోనే చైన్‌సాలలో ఖనిజ తైలం వాడకాన్ని నిషేధించి మొక్కల నూనెకు మళ్లింది. అడవిలో కారిపోయేది మట్టిలో కలిసిపోయేదై ఉండాలని వాళ్ల లెక్క. ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న వాళ్లు అడిగారు, మనం అడగలేదు. అయితే అక్కడ వాడేది అందుకోసమే మందులు కలిపి తయారుచేసిన నూనె. మనవాడు తెచ్చేది సెంటర్లో మిరపకాయ బజ్జీలు వేయించగా మిగిలింది. మాడిన శనగపిండి నలుసులూ ఉప్పూ ఉచితం. పొద్దుతిరుగుడు నూనె పోసి రెండు నెలలు మిషను మూలన పెడితే, గాలికి గట్టిపడి చైన్‌ను బార్‌కు అంటించి పెడుతుంది. కొబ్బరినూనె అయితే లంబసింగి చలిలో ట్యాంకులోనే పేరుకుంటుంది. వంటనూనె పోస్తే ఆ రోజు పనవగానే ఖాళీ చేసి, మామూలు ఆయిల్‌తో కాసేపు తిప్పి పెట్టాలి. ఆ ఓపిక ఉన్నవాడికి ఈ వ్యాసంతో పనిలేదు.

ఎడ్లబళ్ల కాలంలో ఈ తికమక లేదు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసి, గొట్టంలో పోసి బండికి వేలాడదీసుకునేవాళ్లు. ఇరుసు కిర్రుమంటే దిగి పూసేవాళ్లు. అదీ నల్లగానే ఉండేది, అదీ కారిపోయేదే. కానీ అది ఏ ఇంజనూ నమిలి ఉమ్మింది కాదు, ఇంటి ఆముదం. ఇనపరజను కలిపి ఇరుసుకు రాయమంటే ఆ బండివాడు చెర్నాకోల తీసేవాడు.

ఏ ఆయిల్ పోసినా అది బార్ చివరిదాకా వస్తోందో లేదో చూడ్డం అర నిమిషం పని. తాజాగా కోసిన మొద్దు తెల్లటి ముఖం మీద, లేదా పాత దినపత్రిక మీద, జానెడు దూరంలో బార్ ముక్కు పెట్టి యాక్సిలరేటర్ నొక్కండి. సన్నటి ఆయిల్ గీత పడాలి. పడకపోతే చిల్లు మూసుకుంది, లేదా ట్యాంకు ఖాళీ. పొదుపు పండితుడు ఈ పరీక్ష చేయడు. పేపరు పాడవుతుందని.

కొత్త ముచ్చట ఏమిటంటే, ఆయన పొదుపుకు కూడా ధర పెరిగింది. వాడేసిన ఆయిల్‌ను శుద్ధి చేసేవాళ్లు షెడ్ల వెంట తిరిగి డ్రమ్ముల లెక్కన కొంటున్నారు. మొన్న షెడ్డుకు క్యాన్ పట్టుకుని వెళ్తే మెకానిక్ కుర్రాడు తలెత్తకుండానే చెప్పాడట.

"ఊరికే ఇవ్వడం మానేశాం బాబాయ్. లీటరుకు ఇంతని కొనుక్కుపోతున్నారు."

"కాలిన ఆయిల్‌కు కూడా డబ్బులేంట్రా అబ్బాయ్? కాస్త తగ్గించు."

"తగ్గదు బాబాయ్."

"ఇది మరీ పలచగా ఉందిరా. వేరే బండిది, కాస్త మంచిది లేదా?"

కుర్రాడు అరలోంచి కొత్త చైన్ ఆయిల్ సీసా తీసి బల్ల మీద పెట్టాడట. పండితుడు దాన్ని అటూ ఇటూ తిప్పి ధర చదివి, మళ్లీ అరలోనే పెట్టేసి, క్యాన్ మూత తీశాడు.

"సరే, ఆ డ్రమ్ములోదే పొయ్యి. ఎలాగూ కారిపోయేదేగా."