టీకా వేయించుకున్న నేరానికి

జబ్బు రాకుండా టీకా వేయించుకుని, ఆ టీకా పుణ్యాన జబ్బుమనిషిగా ముద్ర పడటం మనలో చాలామందికి అనుభవంలోకి రాలేదు. అమెరికా పిల్లులకు వచ్చింది.

1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో జబ్బుపడి చస్తున్న పిల్లుల్లో నీల్స్ పెడర్సన్, జానెట్ యమామోటో ఓ వైరస్‌ను పట్టుకున్నారు. దాని పేరు ఎఫ్‌ఐవీ, మన ఎయిడ్స్ వైరస్‌కు దాయాది. ఇంకేముంది! నిన్నటిదాకా పాలదొంగ అయిన పిల్లికి శాస్త్రలోకంలో ఎక్కడలేని మర్యాదా దక్కింది. పిల్లి మీద ప్రేమతో కాదులెండి, దాని టీకా దొరికితే మన టీకాకు దారి దొరుకుతుందని.

2002లో ఫోర్ట్ డాడ్జ్ కంపెనీ టీకాకు అమెరికా వ్యవసాయ శాఖ లైసెన్సు ఇచ్చింది. మొదట మూడు సూదులు, ఆపైన ఏటా ఒకటి. మనుషులకు నేటికీ అందని భాగ్యం!

ఆ భాగ్యం సంగతి వినండి. రోగం పట్టే కిట్ వెతికేది వైరస్‌ను కాదు, యాంటీబాడీలను. టీకా పుట్టించేదీ వాటినే. రోగిష్టి పిల్లీ, టీకా పిల్లీ నాటి కిట్ల ముందు ఒకటే. తప్పిపోయి షెల్టర్‌కు చేరిన పిల్లి ‘అయ్యా, నాది రోగం కాదు, టీకా’ అని మొరపెట్టుకోలేదు కదా. పాజిటివ్ అంటే ఆఖరి సూది పొడిచే షెల్టర్లుండేవి మరి. పెద్దలు తల బద్దలుకొట్టుకుని విరుగుడు చెప్పారు: టీకాతోపాటు చర్మం కింద మైక్రోచిప్ పెట్టించండి. రోగం నుంచి కాపాడటానికి టీకా, టీకా నుంచి కాపాడటానికి చిప్!

పోనీ, అంత గొప్ప టీకానా? బ్రిటన్‌లోని మొండి రకం వైరస్ ముందు చేతులెత్తేసింది. ఆస్ట్రేలియాలో పెంపుడు పిల్లుల్లో లెక్కతీస్తే రక్షణ 56 శాతం, గణాంకాల తూకంలో అదీ నిలవలేదు. చివరకు అమెరికా, కెనడాల్లో అమ్మకమే ఆగిపోయింది.

ఈ వైరస్ ముఖ్యంగా పాకేది కాటుతో. రాత్రిళ్లు గోడలెక్కి పేట పెత్తనం కోసం కొట్టుకునే గండుపిల్లులకే ఎక్కువ. ఆపరేషన్ చేయించి ఇంటిపట్టున ఉంచితే ముప్పు చాలావరకు తప్పుతుంది. ఈ ఉపాయానికి పేటెంటు లేదు, ఏటేటా బూస్టరూ లేదు. ఏ కంపెనీ దీన్ని మోస్తుంది చెప్పండి?

పిల్లిని పెంచేవారికి ఒక్క మాట. కిట్‌లో గీత కనబడగానే తీర్పు చెప్పేయకండి, మళ్లీ పరీక్ష చేయించండి. నిజంగానే ఎఫ్‌ఐవీ ఉన్నా చాలా పిల్లులు ఏళ్లతరబడి హాయిగా బతుకుతాయి. అది మనుషులకు అంటదు.