పదవి పోయినా ఫర్వాలేదనుకునే విద్యుత్ మంత్రికి

కేంద్రంలో విద్యుత్ శాఖ చేపట్టినవారికి ఈ సలహాలు ఎవరూ ఇవ్వరు. మీ పార్టీ పెద్దలు వింటే తల పట్టుకుంటారు. నేను మాత్రం మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ముందు మెగావాట్ల లెక్కలు చదవడం మానేయండి. రాజ్యాంగంలో విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ మీ కింద ఉన్నా, ఇంటికొచ్చే తీగ చాలాచోట్ల రాష్ట్ర పంపిణీ సంస్థ (డిస్కం)దే. సభలో లేవగానే డిస్కంల నష్టాలతో మొదలుపెట్టండి. 2015లో వచ్చిన ఉదయ్ పథకంలో చేరిన చాలా రాష్ట్రాలు డిస్కంల అప్పులో 75 శాతం నెత్తికెత్తుకున్నాయి. అయినా నష్టాలు మళ్లీ పేరుకున్నాయి. ఎందుకో మీ నోటితోనే చెప్పండి. నష్టాలు పేరుకున్న చోట్లలో మీ పార్టీ ఏలే రాష్ట్రాలుంటే వాటి పేర్లే ముందు చదవండి.

గ్రిడ్ కూలితే కుర్చీ మారకండి. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి అరవై కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డారు. విద్యుత్ మంత్రి సుశీల్‌కుమార్ షిండేకు హోంశాఖ ఇస్తున్నట్టు ఆ రోజే ప్రకటన వచ్చింది. (దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో పూర్తిగా కలవలేదు కాబట్టి మనకు ఆ దెబ్బ తగల్లేదు.) మీకలాంటి పిలుపు వస్తే, విచారణ నివేదికకు సభలో జవాబిచ్చేదాకా కదలనని చెప్పండి.

ఇక రైతు బోరుకు మీటరు. ఇక్కడ తొందరపడితే చర్చే మిగలదు. విద్యుత్ చార్జీల పెంపుపై ఆందోళన చేసినవారిపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీదే పెట్టారు. ఆ జ్ఞాపకం తెలియని అధికారి ఢిల్లీలో రాసిన షరతు ఇక్కడ బెదిరింపులాగే వినిపిస్తుంది. విద్యుత్ సంస్కరణలు చేస్తేనే రాష్ట్రాలకు అదనపు అప్పు అని కేంద్రం అన్నప్పుడు తెలంగాణ మీటర్లకు ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంలో ప్రయోగం మొదలుపెట్టింది. మీరు ఆ ముడి విప్పేయండి. మీటరుకూ అప్పుకూ లంకె పెట్టకండి. ఉచితం పోదని ముందే రాతపూర్వకంగా ఇవ్వండి, మీటరు సంగతి ఆ తర్వాత ఎత్తండి. అంతకన్నా ముందు ఒక రాత్రి, మూడో జాములో కరెంటు వచ్చే వేళకు, రైతుతో పాటు స్టార్టరు దగ్గర నిలబడండి. పాములకూ షాకులకూ భయపడుతూ నీళ్లు కట్టే మనిషి ముందు సబ్సిడీ భారం గురించి మాట్లాడగలిగితేనే ఢిల్లీలోనూ మాట్లాడండి.

బిల్లు మీ పేరుతో గట్టెక్కాలన్న పట్టు వదిలేయండి. 2001లో సురేశ్ ప్రభు మంత్రిగా ఉండగా సభకొచ్చిన విద్యుత్ బిల్లు 2003లో చట్టమైంది, అప్పటికి మంత్రి అనంత్ గీతే. 2022 సవరణ బిల్లు ప్రవేశపెట్టిన రోజే పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. మీ బిల్లును ప్రతిపక్షం అడగకముందే అక్కడికి పంపండి. డిస్కం ఉద్యోగ సంఘాలనూ రైతు సంఘాలనూ పిలవమని స్థాయీ సంఘం అధ్యక్షుడికి మీరే లేఖ రాయండి.