సెక్షన్ దొరికింది సరే, తేదీ ఏదీ?

ఇప్పటి కుర్ర వకీళ్లకు సెక్షన్ నంబరు ఒక్కటి తెలిస్తే చాలు. ఫోను తీస్తారు, నాలుగు అక్షరాలు కొడతారు, తెర మీద వచ్చింది చదివేస్తారు. అది ఏ ఏడాది పాఠం, ఎప్పుడు మారింది, ఆ మార్పు ఏ తేదీ నుంచి అమలైంది అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా రోజుల్లో కోలారు బంగారు గనుల (కె.జి.ఎఫ్.) ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఏ వకీలు గుమస్తా అయినా అలా నిలబడితే, ఆ పూట కేసు కట్ట అతని చేతికి వచ్చేది కాదు.

కె.జి.ఎఫ్.లో ఈ పట్టింపు ఎక్కువగా ఉండటానికి కారణముంది. గనుల్లో కూలీల భద్రత రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 55వ అంశం. ఖనిజాల నియంత్రణ 54వది. ఛాంపియన్ రీఫ్ గనిలో రాక్ బర్స్ట్ (రాయి పేలుడు) జరిగినా, నందిదుర్గ్ గనిలో ఒకడి కాలు పోయినా, మాకు దిక్కు ఢిల్లీలో చేసిన చట్టమే. 1951కి ముందు సంగతి వేరు, అప్పుడు మైసూరు సంస్థానపు చట్టాలు నడిచేవి. వేలిముద్రలు ఇవ్వాలన్న ఒక్క నిబంధన మీద 1930లో గనుల కార్మికులు వారాల తరబడి సమ్మె చేశారు. 1951లో 3వ చట్టం వచ్చి కేంద్ర చట్టాలు చాలావాటిని ఇక్కడికి పొడిగించింది. అందుకే పాత కాగితం చేతికొస్తే మొదట చూడవలసింది ఏలుబడి ఎవరిదని.

అమెరికాలో కేంద్ర చట్టాలను విషయాల వారీగా ఒకే కోడ్‌లో సర్దుతారు, గనులకు అందులో 30వ టైటిల్ ఉంది. మనకు ఆ పద్ధతి లేదు. ఏడాది, నంబరు, అంతే. 1952లో 35 అంటే గనుల చట్టం, 1957లో 67 అంటే ఖనిజాల చట్టం, 1923లో 8 అంటే కార్మికుల నష్టపరిహార చట్టం. ఇవి మాకు ఎక్కాల్లాగా నోటికొచ్చేవి. చట్టం గెజిట్ రెండో భాగం ఒకటో సెక్షన్‌లో వచ్చేది, దాని కింది రూల్స్ మూడో సెక్షన్‌లో. ఇక్కడ దొరకకపోతే మారికుప్పంలో రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్లి లైబ్రరీలో చేత్తో రాసుకొచ్చేవాళ్లం. సవరణ వస్తే ఆ ముక్క కత్తిరించి, ఒక్క అంచుకే జిగురు రాసి పుస్తకంలో అంటించేవాళ్లం. చీటీ ఎత్తితే కింద పాత పాఠం కనబడాలి. పాత పాఠం మీద జిగురు పూసేసినవాడికి తిట్లు తప్పేవి కావు.

పాత పాఠం ఎందుకు కనబడాలో నష్టపరిహార చట్టం నాలుగో సెక్షన్ చూస్తే తెలుస్తుంది. 1984 సవరణ ప్రకారం కార్మికుడు చనిపోతే నెల జీతంలో 40 శాతాన్ని వయసును బట్టి హెచ్చవేయాలి, కనీసం 20,000 ఇవ్వాలి. జీతం ఎంతున్నా లెక్కకు వెయ్యి దాటకూడదు. 1995 సెప్టెంబరు 15 నుంచి అది 50 శాతం, కనీసం 50,000. 2000 డిసెంబరులో కనీసం 80,000. 2010 జనవరి 18 నుంచి 1,20,000. ప్రమాదం జరిగిన రోజున ఉన్న లెక్కే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1999లో ఒక కేరళ కేసులో తేల్చింది.

ఈమధ్య ఒక ముసలావిడ పాత ఉత్తర్వు పట్టుకుని ఒక కుర్ర వకీలు దగ్గరికి వెళ్లింది. ఆమె భర్త 1994లో గనిలో పోయాడు. అతను ఫోను చూసి, "లక్షా ఇరవై వేలు రావాలమ్మా, మిమ్మల్ని మోసం చేశారు" అన్నాడట. ఆమె ఆ మాట నమ్మి అందరికీ చెప్పుకుంది. నేను అతనితో "అబ్బీ, ఆ లెక్క 2010ది కదా" అంటే, "యాక్టులో అదే ఉంది తాతా" అంటాడు. కింద ఫుట్‌నోట్ ఉంది. అంతదాకా వేలు జరపలేదు. ఆమెకు లేని ఆశ పెట్టడం నాకు చాలా కష్టంగా తోచింది.

పేరులోని ఏడాదిని నమ్మినా మోసమే. మా గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్‌ను మూతదాకా తీసుకెళ్లిన ఖాయిలా పరిశ్రమల బోర్డు బి.ఐ.ఎఫ్.ఆర్. ఏ చట్టం కింద ఏర్పడింది? 1985 నాటి సిక్ కంపెనీల చట్టం. నంబరు చూస్తే 1986లో 1. దాన్ని రద్దు చేసిన చట్టం పేరు 2003ది, నంబరు 2004లో 1, అమలైంది 2016 డిసెంబరు 1న. గని మూసింది 2001 ఫిబ్రవరి 28న. ఈ తేదీలు వరుసలో పెట్టుకోకుండా మా ఊరి మూత గురించి మాట్లాడేవాళ్లను నేను వినలేను.

ఇప్పుడు 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా చేసి 2025 నవంబరు 21న అమల్లో పెట్టారు. 1923 చట్టం, 1952 చట్టం రెండూ వాటిలో కలిసిపోయాయి. ఇక పాత పుస్తకాలెందుకు, తూకానికి వేసేద్దాం అంటున్నారు. అది తప్పు. చట్టం రద్దయినా దాని కింద అప్పటికే పుట్టిన హక్కు పోదని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. సిలికోసిస్‌తో దగ్గుతున్న మనిషి దుమ్ము పీల్చింది పాత చట్టం రోజుల్లోనే.

ఇంట్లో కూర్చుని గెజిట్ చూసే వీలు రావడం మంచిదే, మాకది లేదు. 2015 అక్టోబరు నుంచి గెజిట్ అచ్చు కూడా ఆగిపోయింది, ఇక అంతా తెర మీదే. అందుకే అడుగుతున్నాను. యూనియన్‌లో పనిచేసిన పెద్దల ఇళ్లలో, మూసేసిన లాయరు ఆఫీసుల అటకల మీద పాత బేర్ యాక్టులు, గెజిట్ కట్టలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. మీ ఊరి కోర్టు బార్ లైబ్రరీకి ఇవ్వండి. కుర్ర వకీళ్లూ, సెక్షన్ రాసుకున్న చోటే దాని పక్కన సవరణ నంబరు, అమలు తేదీ కూడా రాసుకోండి.